ఆటోఇమ్యూన్ రక్తం జబ్బున్న కుక్కకు ఏం పెట్టాలి: ప్యాకెట్ తిండా, ఇంటి వంటా, పచ్చి మాంసమా?

కుక్కకు ఆటోఇమ్యూన్ రక్తం జబ్బు అని తేలిన రోజు నుంచి ఇంట్లో అందరి చూపూ దాని గిన్నె మీదే ఉంటుంది. మందులు డాక్టర్ రాసిస్తారు, పరీక్షలు ల్యాబ్‌లో జరుగుతాయి, మన చేతిలో మిగిలేది తిండి ఒక్కటే. దాంతో ఎలాగైనా తిండితోనే బాగు చేసుకోవాలన్న ఆరాటం మొదలవుతుంది. తెలిసినవాళ్లు తలో మాటా చెబుతారు. పచ్చి మాంసం పెడితే రక్తం పడుతుందని ఒకరు, ప్యాకెట్ తిండి వల్లే ఇదంతా వచ్చిందని మరొకరు, రోజూ లివర్ పెట్టమని ఇంకొకరు. అసలే భయంలో ఉన్నవాళ్లకి ఇవన్నీ వింటుంటే టెన్షన్ పెరగడమే తప్ప దారి దొరకదు.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. రోగనిరోధక శక్తిని అణిచే మందులు నడుస్తున్నన్నాళ్లూ పచ్చి మాంసం వద్దు. కుక్క ఇప్పటికే అలవాటుపడిన సంపూర్ణాహారం ప్యాకెట్ ఉంటే దాన్నే కొనసాగించండి, అవసరమైతే నానబెట్టి. ఇంట్లోనే వండి పెట్టాలనుకుంటే పశువుల పోషకాహార నిపుణులు రాసిచ్చిన కొలతలతోనే వండండి. ఎందుకిలా అంటున్నానో తెలిస్తే, మీ కుక్క పరిస్థితికి తగ్గట్టు ఏది మార్చుకోవచ్చో ఏది మార్చకూడదో మీకే అర్థమవుతుంది.

ముందు ఏ కణాలు పోతున్నాయో తెలుసుకోండి

ఈ జబ్బుల్లో ముఖ్యంగా చూసేవి రెండు, ఐఎంహెచ్‌ఏ, ఐటీపీ. ఐఎంహెచ్‌ఏలో ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత ఎర్ర రక్తకణాల మీదే దాడి చేస్తుంది. చిగుళ్లు పాలిపోతాయి, కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది, నాలుగడుగులు వేస్తేనే ఆయాసం. ఐటీపీలో దెబ్బతినేవి ప్లేట్‌లెట్లు. పొట్ట చర్మం మీద, చిగుళ్ల మీద గుండుసూది మొనంత ఎర్రచుక్కలు కనిపిస్తాయి. ముక్కు నుంచి రక్తం రావచ్చు, విరేచనం తారులా నల్లగా ఉండొచ్చు. రెండూ ఒకేసారి వస్తే దాన్ని ఎవాన్స్ సిండ్రోమ్ అంటారు.

గిన్నె దగ్గర ఈ తేడా చాలా ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఒక మైక్రోలీటరు రక్తంలో సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. అవి 30,000 కంటే తగ్గితే దెబ్బ తగలకుండానే రక్తం కారే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు గట్టి తిండి చిగుళ్లను గీరుకున్నా చాలు, రక్తం ఆగదు. ఎముకలు, కొమ్ములు, గట్టి చూయింగ్ స్టిక్‌లు పూర్తిగా మానేయాలి. పచ్చి క్యారెట్ ముక్క కూడా వద్దు, ఉడికించి పెట్టండి. డ్రై ఫుడ్ అయితే మునిగేంత గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టండి. పైకి ఉబ్బి మెత్తగా కనిపించినా గింజ నడుమ గట్టిగానే ఉండిపోవచ్చు. ఒక గింజ తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి, పలుకు తగలకుండా పూర్తిగా నలిగితేనే పెట్టండి. నానిన తిండి రెండు గంటలు దాటి గిన్నెలో ఉండిపోతే పారేయండి.

ఐఎంహెచ్‌ఏలో చిక్కు వేరు. అక్కడ పెద్ద భయం రక్తం గడ్డకట్టడం. దానికి డాక్టర్లు క్లోపిడోగ్రెల్ లాంటి మందులు ఇస్తారు. తిండి వరకు వస్తే, కుక్కకు లేచి నిలబడి తినే ఓపిక ఉండదు. గిన్నెను దాని పడక దగ్గరికే తీసుకెళ్లి, రోజు తిండిని నాలుగైదు సార్లుగా కొంచెం కొంచెం పెట్టడం మంచిది.

రెండింటిలోనూ ఒక మాట మాత్రం ఒకటే. తిండి ఈ జబ్బును నయం చేయదు. మామూలుగా కుక్క ఎర్ర రక్తకణం 110 నుంచి 120 రోజులు బతుకుతుంది. ఐఎంహెచ్‌ఏలో అది రోజుల్లోనే నాశనమైపోతోంది. ఆ విధ్వంసాన్ని ఆపేది ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, వాటికి తోడు అవసరాన్ని బట్టి అజథియోప్రిన్, మైకోఫెనొలేట్, సైక్లోస్పోరిన్. తిండి పని ఆ మందులను తట్టుకునే బలం ఇవ్వడం, కండ కరగకుండా చూడటం, కొత్త ఇబ్బంది ఏదీ తెచ్చిపెట్టకుండా ఉండటం. ఇది తక్కువ పనేమీ కాదు.

పచ్చి మాంసం

పచ్చి మాంసం పెట్టేవాళ్లు కుక్క మీద ప్రేమతోనే పెడతారు, అందులో నాకు అనుమానం లేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు పెట్టాలా వద్దా అన్న వాదన ఎప్పటికీ తెగదు కూడా. ఈ కుక్క విషయంలో మాత్రం వాదనకు చోటు లేదనే అంటాను. మనమే మందులిచ్చి దాని రోగనిరోధక శక్తిని కావాలని తగ్గిస్తున్నాం. పచ్చి మాంసంలో సాల్మొనెల్లా, లిస్టీరియా, ఈ కోలి, క్యాంపిలోబాక్టర్ ఉండొచ్చు. మామూలు కుక్క రెండు రోజుల విరేచనాలతో బయటపడే ఇన్‌ఫెక్షన్ ఈ కుక్కకు రక్తంలోకి పాకి ప్రాణం మీదికి రావచ్చు. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 2012లోనే కుక్కలకు పచ్చి మాంసం పెట్టవద్దని విధాన ప్రకటన చేసింది. మందు వేసుకుంటున్న కుక్కకు ఆ సలహా ఇంకా బలంగా వర్తిస్తుంది.

"ఫ్రీజర్‌లో పెట్టిందే కదా" అంటారు. గడ్డకట్టించడం వల్ల కొన్ని పరాన్నజీవులు చస్తాయి, బ్యాక్టీరియా చాలావరకు బతికే ఉంటుంది. ఫ్రీజ్ డ్రైడ్ అని అమ్మే పొడి ముక్కలు కూడా పచ్చి మాంసమే, నీళ్లు తీసేశారంతే. ఎండబెట్టిన పంది చెవులు, నమలడానికి ఇచ్చే తోలు ముక్కలు, పచ్చి గుడ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇన్నాళ్లూ పచ్చి మాంసానికే అలవాటుపడిన కుక్క అయితే అదే మాంసాన్ని లోపలిదాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలేలా ఉడికించి పెట్టండి. ఎముకలు మాత్రం తీసేయండి. ఉడికిన ఎముక చీలికలైపోయి పేగును చీరుతుంది. ఎముక తీసేస్తే కాల్షియం పోతుంది కాబట్టి ఆ లోటు ఎలా పూడ్చాలో డాక్టర్‌ని అడగాలి.

ప్యాకెట్ తిండా, ఇంటి వంటా?

అసలు ఎంపిక ఈ రెండింటి మధ్యే. ప్యాకెట్ తిండి అంటే ఇష్టం లేనివాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గింజల్లో ఏం వేస్తారో ఏమోనని బెంగ. కుక్క జబ్బుపడ్డాక ఆ బెంగ ఇంకా పెరుగుతుంది, చేత్తో వండిపెడితే తప్ప మనసు ఒప్పదు. ఆ భావన నాకు బాగా తెలుసు. అయినా మొదటి వారాలకు ప్యాకెట్ తిండివైపే మొగ్గుతాను.

కుక్క ఒంట్లో అప్పటికే చాలా మార్పులు జరుగుతున్నాయి. కొత్త మందులు నాలుగు మొదలయ్యాయి, వాటిలో ఏదైనా వాంతులు, విరేచనాలు తేవచ్చు. మైకోఫెనొలేట్‌తో విరేచనాలు మామూలే. అదే వారంలో తిండి కూడా మార్చేస్తే, విరేచనం మందు వల్ల వచ్చిందో తిండి వల్ల వచ్చిందో డాక్టర్‌కి కూడా చెప్పడం కష్టమవుతుంది. మందు ఆపాలా, డోసు తగ్గించాలా అన్న నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంటుంది. పాత తిండి ఉంటే ఆ అయోమయం ఉండదు.

ఇంటి వంటతో చిక్కు మన శ్రద్ధలో లేదు, కొలతల్లో ఉంది. చికెన్, అన్నం కలిపి పెడితే కుక్క ఇష్టంగా తింటుంది, కడుపుకూ హాయిగా ఉంటుంది. కడుపు బాగాలేనప్పుడు కొద్ది రోజులకు సరే. నెలల తరబడి అదే పెడితే కాల్షియం, జింక్, రాగి, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ తక్కువైపోతాయి. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. స్టెరాయిడ్లు నెలల పాటు వాడే కుక్కకు ఈ లోటు ఇంకా చేటు. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు 2013లో పుస్తకాల్లోనూ వెబ్‌సైట్లలోనూ దొరికే 200 ఇంటి వంటకాలను పరీక్షిస్తే, 95 శాతం వాటిలో కనీసం ఒక అత్యవసర పోషకం తక్కువగా ఉందని తేలింది. రోజుకో రకం మార్చి పెడితే అన్నీ సరిపోతాయన్న నమ్మకం కూడా నిలవదు, చాలా వంటకాల్లో తక్కువయ్యేవి అవే పోషకాలు కాబట్టి.

అయినా ఇంటి వంటే సరైన ఎంపిక అయ్యే సందర్భాలున్నాయి. ఏ ప్యాకెట్ తిండీ ముట్టని కుక్క, ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వల్ల తిండిలో కొవ్వు బాగా తగ్గించాల్సిన కుక్క, కిడ్నీ జబ్బు కూడా ఉన్న కుక్క. అప్పుడు పశువుల పోషకాహారంలో స్పెషలైజేషన్ చేసిన డాక్టర్‌తో వంట రాయించుకోండి. బరువు, రక్తపరీక్షలు, మందుల జాబితా అన్నీ పంపాలి. రాసిచ్చాక అందులో ఉన్న మినరల్ పొడి మానేయడం, నూనె మార్చడం, ఒక మాంసం బదులు ఇంకోటి వేయడం లాంటివి చేయొద్దు. వంట ఒకేసారి చేసి పూటకొక డబ్బా చొప్పున ఫ్రీజ్ చేసుకుంటే మీకూ తేలిక.

మధ్యేమార్గం ఒకటుంది, చాలా ఇళ్లలో నిలబడేదీ అదే. తొమ్మిది వంతులు సంపూర్ణాహారం, ఒక వంతు మీ చేతి వంట. రోజు కేలరీల్లో పది శాతం దాకా ఉడికించిన చికెన్, గుడ్డు, కూరగాయలు కలిపినా పోషకాల తూకం చెడదు. పెట్టేవాళ్లకూ తృప్తి, తినేదానికీ రుచి.

ఇక డ్రై ఫుడ్డా, వెట్ ఫుడ్డా అంటే: ఐటీపీకి, నోరు నొప్పిగా ఉన్నప్పుడు, తిండి మీద ఆసక్తి లేనప్పుడు వెట్ ఫుడ్ మేలు. స్టెరాయిడ్ ఆకలి మొదలయ్యాక తూచి పెట్టడానికి డ్రై ఫుడ్ వీలు. రెండూ కలిపి పెట్టినా తప్పులేదు. లేబుల్ మీద 'సంపూర్ణ సమతులాహారం' అన్న అర్థం వచ్చే మాట ఉందో లేదో మాత్రం చూడండి. అది లేనిది చిరుతిండి కిందే లెక్క.

హైడ్రోలైజ్డ్ తిండి, అంటే మాంసకృత్తులను బాగా చిన్న ముక్కలుగా విడగొట్టి చేసినది, ఫుడ్ అలర్జీ ఉన్న కుక్కకు పనికొస్తుంది, రక్తం జబ్బుకు మందు కాదు. తక్కువ కొవ్వున్నది ప్యాంక్రియాటైటిస్ వచ్చిన కుక్కకూ, రక్తంలో కొవ్వు పెరిగిన కుక్కకూ అవసరం. గ్రెయిన్ ఫ్రీ (ధాన్యాలు లేనిది) అన్న పేరు చూసి కొనకండి. బఠాణీలు, పప్పుగింజలు ఎక్కువగా ఉన్న అలాంటి తిండికీ, గుండె కండరం బలహీనపడే డీసీఎంకీ సంబంధం ఉందేమోనని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో పరిశీలన మొదలుపెట్టింది. కారణం ఇదీ అని తేలకపోయినా, రక్తహీనతతో అప్పటికే గుండె ఎక్కువగా కొట్టుకుంటున్న కుక్కతో ఆ ప్రయోగం ఎందుకు?

రక్తం పట్టడానికి ఐరన్, లివర్ పెట్టాలా?

ఐఎంహెచ్‌ఏలో కణాలు ఎక్కువగా ప్లీహంలో, కాలేయంలో ముక్కలవుతాయి. వాటిలోని ఐరన్ ఒంట్లోనే ఉండిపోతుంది, ఎముక మజ్జ దాన్నే మళ్లీ వాడుకుంటుంది. కాబట్టి అక్కడ కొరత ఐరన్‌ది కాదు. డాక్టర్ చెప్పకుండా ఐరన్ టానిక్ పోస్తే కడుపు పాడవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఐటీపీలో పేగుల నుంచి రక్తం చాలా రోజులు పోయి ఉంటే ఐరన్ నిజంగానే తగ్గుతుంది. అప్పుడు పరీక్ష చూసి డాక్టరే ఇస్తారు.

లివర్ మంచి తిండే, రుచి కోసం వేలెడు ముక్క సరే. రోజూ ఎక్కువ పెడితే విటమిన్ ఎ, రాగి పేరుకుపోతాయి. ఇంకో చిక్కు ఉంది: లివర్ గానీ ఐరన్ గానీ ఎక్కువైతే విరేచనం నల్లగా వస్తుంది. ఐటీపీ ఉన్న కుక్కకు నల్ల విరేచనం అంటే పేగుల్లో రక్తస్రావానికి గుర్తు. ఆ గుర్తును మనమే చెరిపేసుకున్నట్టవుతుంది.

ఇమ్యూనిటీ పెంచుతామని రాసి ఉన్న పొడులు, ఎకినేషియా అనే మూలిక, కొలొస్ట్రమ్ (జున్నుపాలు) లాంటివి ఈ కుక్కకు వద్దేవద్దు. మనం అణచాలనుకుంటున్న వ్యవస్థనే అవి రెచ్చగొట్టే ప్రమాదం ఉంది. చేపనూనె సంగతి కొంచెం వేరు. అందులోని ఒమేగా 3 ఒంట్లో వాపును తగ్గిస్తుంది, కానీ ఎక్కువ డోసులో ప్లేట్‌లెట్ల పనితనాన్ని తగ్గించగలదు. ఐటీపీ కుక్కకు కౌంట్ కోలుకునేదాకా ఆగండి, ఐఎంహెచ్‌ఏ కుక్కకు డోసు అడిగి ఇవ్వండి. కాడ్ లివర్ ఆయిల్ దీనికి బదులు కాదు, అందులో విటమిన్ ఎ, డి ఎక్కువ.

ఉల్లి, వెల్లుల్లి విషయంలో ఇంట్లో ప్రతి ఒక్కరికీ గట్టిగా చెప్పండి. ఉల్లిలోని పదార్థాలు ఎర్ర రక్తకణాలను నేరుగా దెబ్బతీస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలోనే కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి రక్తంలో మార్పులు తెస్తుంది. ఐఎంహెచ్‌ఏ కుక్క దగ్గర అంత నిల్వ ఎక్కడిది? ఉడికించినా విషం పోదు, పొడి రూపంలో ఇంకా గాఢం. రెడీమేడ్ సూప్‌లు, గ్రేవీలు, పసిపిల్లల ప్యూరీ డబ్బాల్లో ఉల్లిపొడి దాగి ఉంటుంది. తినని కుక్కకు ఆశ పెట్టడానికి మనం చేయి చాపేది వాటివైపే, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. జింక్ కూడా ఎర్రకణాలను పగలగొడుతుంది. జింక్ ఉన్న నాణేలు, స్క్రూలు, జింక్ ఆయింట్‌మెంట్లు దానికి అందకుండా పెట్టండి.

స్టెరాయిడ్ ఆకలి

మందు మొదలైన కొద్ది రోజులకే కుక్క మారిపోతుంది. ఎప్పుడూ దొంగతనం చేయనిది చెత్తబుట్ట తిరగేస్తుంది, ఖాళీ గిన్నెను గోడదాకా నాకుతూ తోసుకెళ్తుంది, రాత్రి లేపి మరీ అడుగుతుంది. అది మొండితనం కాదు, మందు ప్రభావం. కోప్పడకండి. అలాగని అడిగినంతా పెట్టకండి. బరువు పెరిగితే కీళ్లకు, ఊపిరికి కష్టం, పైగా స్టెరాయిడ్లు డయాబెటిస్ ముప్పును కూడా పెంచుతాయి.

రోజు మొత్తం తిండిని పొద్దున్నే వంటింటి త్రాసు మీద తూచి పక్కన పెట్టండి. కప్పుతో కొలిస్తే చేతికో లెక్క వస్తుంది. దాన్ని నాలుగైదు పూటలుగా పంచండి. ఉడికించిన బీన్స్, సొరకాయ లాంటివి కలిపితే కేలరీలు పెరగకుండా గిన్నె నిండుగా కనిపిస్తుంది. మాంసకృత్తులు మాత్రం తగ్గించకండి. స్టెరాయిడ్ కండను కరిగిస్తుంది, పొట్టను వేలాడదీస్తుంది. కాటా మీద బరువు మారకపోయినా తల పైభాగం గుంటపడటం, వెన్నెముక చేతికి తగలడం కనిపిస్తే కండ పోతోందని అర్థం. వారానికోసారి అక్కడ చేయి వేసి చూడండి.

నీళ్లు ఎప్పుడూ తగ్గించకూడదు, ఎంత తాగినా సరే. మూత్రానికి ఎక్కువసార్లు బయటికి తీసుకెళ్లడమే దానికి పరిష్కారం.

అసలు తినకపోతే

మొదటి వారంలో కొన్ని కుక్కలు ముట్టనే ముట్టవు. అప్పుడు సమతూకం గురించి ఆలోచించకండి, తిన్నదే గొప్ప. వెట్ ఫుడ్‌ను గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది, చేతిలో పెట్టి అందిస్తే కొన్ని తింటాయి. పూర్తిగా పడుకుని ఉన్న 10 కిలోల కుక్కకు రోజుకు సుమారు 390 కిలో కేలరీలు, 20 కిలోల కుక్కకు సుమారు 660 కావాలి. మీరు పెట్టింది అందులో ఎంతో రాసుకుంటే డాక్టర్‌కి పరిస్థితి వెంటనే తెలుస్తుంది. బలవంతంగా నోట్లో కూరకండి. తిండి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఆ తిండి మీదే విరక్తి పుట్టొచ్చు. ఒక రోజంతా తినకపోతే ఫోన్ చేయండి. వికారం తగ్గించడానికి మారోపిటెంట్, ఆకలి పెంచడానికి కాప్రొమొరెలిన్ లాంటి మందులున్నాయి, ట్యూబ్ ద్వారా తిండి పెట్టడమూ ఉంది.

మందులకూ గిన్నెకూ టైమింగ్

ప్రెడ్నిసొలోన్ తిండితో ఇవ్వండి, కడుపుకు మేలు. సైక్లోస్పోరిన్ ఖాళీ కడుపున బాగా ఒంటబడుతుంది, అంటే తిండికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత. వాంతి చేసుకుంటుంటే కొద్దిగా తిండితో ఇవ్వొచ్చా అని అడగండి. పిడుదుల (టిక్స్) ద్వారా వచ్చే జ్వరాల అనుమానంతో డాక్సీసైక్లిన్ ఇస్తుంటే చీజ్‌లో, పెరుగులో దాచకండి, కాల్షియం దాన్ని ఒంటబట్టనివ్వదు. ఆ మాత్ర గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండవుతుంది కాబట్టి వెనకే నీళ్లో, తిండో పోవాలి. కడుపు పుండ్లకు ఇచ్చే సుక్రాల్‌ఫేట్ వేరే మందులకు దూరంగా, ఖాళీ కడుపున. మాత్ర దాచడానికి పీనట్ బటర్ వాడితే అందులో జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి పదార్థం) లేదని లేబుల్ చూసి నిర్ధారించుకోండి, అది కుక్కలకు విషం. అజథియోప్రిన్, మైకోఫెనొలేట్ మాత్రలను నలిపి తిండిలో కలపకండి, గ్లవ్స్ వేసుకుని పట్టుకోండి.

తిండి ఎప్పుడు మార్చొచ్చు?

మందుల డోసు నెలల మీద మెల్లగా తగ్గిస్తూ వస్తారు. ప్రతి తగ్గింపు తర్వాత రక్తపరీక్ష ఉంటుంది. తిండి మార్చాలన్న ఆలోచన ఉంటే డోసు తగ్గించిన వారంలో వద్దు. పరీక్ష బాగుందని తెలిశాక, తర్వాతి తగ్గింపుకు ఇంకా టైముందనగా మొదలుపెట్టి, పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ ఏడు నుంచి పది రోజుల్లో మార్చండి. ఆ రోజుల్లో కొత్త చిరుతిండి, కొత్త సప్లిమెంట్ ఏదీ చేర్చకండి. రోజూ ఒకే వెలుతురులో పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడండి. అవి పాలిపోయినా, ఎర్రచుక్కలు వచ్చినా, విరేచనం నల్లబడినా, కొత్త తిండి పడలేదేమోనని రెండు రోజులు ఆగి చూడకుండా అదే పూట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.